టికెట్టు కొంటేనే ఓటా?

పాస్‌పోర్టులో నాచారం అడ్రసు. ఉద్యోగం డాలస్‌లోనో, దోహాలోనో, లండన్‌లోనో. ఎన్నికలొస్తే రావాలా, మానాలా? ఉప్పల్, నాచారం ఇళ్ళల్లో ప్రతి ఎన్నికకూ లేచే ఈ ప్రశ్నకు చట్టం సగం జవాబే ఇచ్చింది.

ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే నాచారం స్నేహపురి కాలనీలోనో, ఉప్పల్ భగాయత్‌లో లేచిన కొత్త ఇళ్ళల్లోనో, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలోనో వీడియో కాల్‌లో ఒక మాట తప్పకుండా దొర్లుతుంది. ‘‘ఏం బిడ్డా, ఓటుకు వస్తున్నవా?’’ అని తండ్రి అడుగుతాడు. ‘‘ఎట్ల వస్త డాడీ? టికెట్టు లక్ష దాటింది. వచ్చినంక మళ్ళా వీసా స్టాంపింగ్ ఉంటది. డేట్ దొరక్కపోతే ఉద్యోగానికే ఎసరు’’ అంటాడు కొడుకు. రెండు రోజులకు ఓటరు స్లిప్పులు పంచే కుర్రాడు గేటు దగ్గర నిలబడి లిస్టు తిరగేస్తాడు. ‘‘సార్, మీ ఇంట్ల నాలుగు ఓట్లున్నయి. అన్న, వదిన వస్తరా?’’ జవాబు కోసం ఆగకుండా నాలుగు స్లిప్పులూ చేతిలో పెట్టి పోతాడు. అమ్మానాన్నల స్లిప్పులు పోలింగ్ కేంద్రానికి పోతాయి. మిగిలిన రెండూ ఫ్రిజ్ మీద ఉండిపోతాయి.

హైదరాబాద్ తూర్పు దిక్కున ఇలాంటి ఇళ్ళు ఇన్ని ఉండటంలో వింతేమీ లేదు. తార్నాక, హబ్సిగూడల్లో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు, ఆ పైన ఈసీఐఎల్. వీటిలో ఉద్యోగాలు చేసి, వాయిదాల మీద ప్లాటు కొని, ఇల్లు కట్టి, పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించిన తరం ఇక్కడ స్థిరపడింది. ఆ పిల్లలు రెక్కలొచ్చి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, గల్ఫ్ పోయారు. అదే సమయంలో వరంగల్ హైవే ఊళ్ళ నుంచి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి ఇంకెందరో బతుకుతెరువు కోసం ఇక్కడికొచ్చారు. పోయినవాళ్ళకీ, వచ్చినవాళ్ళకీ ఉన్నది ఒకటే చిక్కు. బతికేది ఒకచోట, ఓటు మరోచోట.

నా మాట ముందే చెబుతాను. ఊరికి దూరమైన మనిషి ఓటు వేయాలా వద్దా అన్నది తన మనస్సాక్షితో తేల్చుకోవాల్సిన సంగతి. ఇవాళ దాన్ని టికెట్టు ధర తేలుస్తోంది. అది మారాలి.

పేరు ఎక్కుతుంది, ఓటు పడదు

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జాబితాలో పేరుండాలంటే ఆ నియోజకవర్గంలో సాధారణంగా నివసిస్తూ ఉండాలి. కొన్నాళ్ళు పని మీద వేరేచోటికి పోయినంత మాత్రాన ఆ నివాసం పోదు. కానీ ఏళ్ళ తరబడి విదేశంలో ఉంటే? అలాంటివారి పేర్లు జాబితాలోంచి తీసేసేవారు. పౌరుడే, పాస్‌పోర్టు భారత్‌దే, ఓటు మాత్రం లేదు. 2010లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 20ఏ సెక్షన్ చేర్చింది. 2011 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. ఉద్యోగానికో, చదువుకో, మరో కారణానికో దేశం దాటిన పౌరుడు, వేరే దేశ పౌరసత్వం తీసుకోనంతవరకు, పాస్‌పోర్టులో ఉన్న ఇంటి చిరునామా మీద ఓటరుగా నమోదు కావచ్చు. అంటే నాచారం అడ్రసున్న పాస్‌పోర్టుతో డాలస్‌లో ఉన్న ఇంజినీరు ఉప్పల్ నియోజకవర్గం ఓటరు కాగలడు. అమ్మానాన్నలు ఈలోగా బోడుప్పల్‌కు మారిపోయి మేడ్చల్ ఓటర్లయినా, పాస్‌పోర్టు మారనంతవరకు కొడుకు ఓటు ఉప్పల్‌లోనే.

అయితే ఆ ఓటు వేయాలంటే పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని ఆ కేంద్రానికి స్వయంగా రావాలి. పోస్టల్ బ్యాలెట్ లేదు, ఎంబసీలో పెట్టె లేదు, ప్రతినిధిని పంపే వీలూ లేదు. హక్కు ఇచ్చిన చట్టమే దాన్ని వాడుకునే దారి ఇవ్వలేదు.

పౌరసత్వం మారితే ఇంకేమీ మిగలదు. అమెరికాలో ప్రమాణం చేసి అక్కడి పౌరుడైన రోజే ఇక్కడి పౌరసత్వం పోతుంది, దాంతో ఓటూ పోతుంది. పౌరసత్వం మారిన భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డుతో వీసా లేకుండా రావచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు వేయడానికీ పోటీ చేయడానికీ అది పనికిరాదు. ఈ గీత ఎంత గట్టిదో తెలంగాణ కళ్ళారా చూసింది. వేములవాడ ఎమ్మెల్యేగా పలుమార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్‌ను జర్మనీ పౌరుడిగానే తేలుస్తూ 2024 డిసెంబరులో హైకోర్టు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో పాలకుర్తిలో పోటీకి సిద్ధపడిన ప్రవాసురాలు ఝాన్సీరెడ్డికి పౌరసత్వం అడ్డొచ్చింది. ఆమె బదులు కోడలు యశస్వినీరెడ్డి బరిలోకి దిగి అప్పటి మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావు మీద గెలిచారు.

లక్షా పంతొమ్మిది వేలలో మూడు వేలు

విదేశాల్లో ఉన్న భారత పౌరులు కోటికి పైనే. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రవాస ఓటర్లుగా నమోదైనవాళ్ళు 1,19,374 మంది. వచ్చి ఓటేసినవాళ్ళు 2,958. అందులో 2,670 మంది ఒక్క కేరళవాళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే ఓటు వేసింది 195 మంది. ఊళ్ళకు ఊళ్ళు అమెరికాకు కదిలిన రాష్ట్రం అది. ఆ ఎన్నికల్లో ప్రచారానికి విమానాలెక్కి వచ్చిన ప్రవాసుల ఫొటోలతో పత్రికలు నిండాయి. అయినా ప్రవాస ఓటర్ల ఖాతాలో పడ్డవి రెండొందల ఓట్లు కూడా కావు.

కేరళ ముందుండటానికి కారణాలు తెలిసినవే. గల్ఫ్ నుంచి కోజికోడ్‌కు నాలుగు గంటల ప్రయాణం. పైగా అక్కడి ప్రవాసీ సంఘాలు ఓటర్ల కోసం విమానాలే మాట్లాడి పంపాయి. 2019లో దేశం మొత్తమ్మీద ఓటేసిన 25,606 మంది ప్రవాసుల్లో 25,534 మంది కేరళవాళ్ళు. అంత సంఘబలం ఉన్న కేరళలోనే 2024కు వచ్చేసరికి ఆ సంఖ్య పదో వంతుకు పడిపోయింది. సొంత ఖర్చుతో, సొంత సెలవుతో నడిచే హక్కు ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

ఈ సంగతి మీద కోర్టుకెక్కినవాళ్ళలో మన తెలుగువాడూ ఉన్నాడు. లండన్‌లోని ప్రవాసీ భారత్ సంస్థ తరఫున నాగేందర్ చిందం 2013లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అబుదాబిలో స్థిరపడిన కేరళ వైద్యుడు షంషీర్ వయలిల్ మరో పిటిషన్ వేశారు. ఎన్నికల సంఘం కమిటీ వేసి, ఎలక్ట్రానిక్‌గా పంపే పోస్టల్ బ్యాలెట్టు, ప్రతినిధి ద్వారా ఓటు అనే రెండు దారులు సూచించింది. ప్రతినిధి ఓటుకు వీలు కల్పించే బిల్లు 2018 ఆగస్టు 9న లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభ గడప దాటకముందే 2019లో లోక్‌సభ రద్దయింది, బిల్లూ మురిగిపోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘం న్యాయశాఖకు లేఖ రాసి, ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్టును ప్రవాసులకూ ఇవ్వడానికి తాము సిద్ధమని చెప్పింది. ఆ తర్వాత దేశమంతా మరో లోక్‌సభ ఎన్నిక జరిగింది. ప్రవాసి ఇంకా విమానమే ఎక్కాలి.

దోహాలో ఇద్దరు

దోహాలో ఇద్దరు భారతీయులను ఊహించండి. ఒకరు మన ఎంబసీలో ఉద్యోగి. ఇంకొకరు నాచారం నుంచి పోయి అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్న నర్సు. ఎంబసీ ఉద్యోగి సర్వీసు ఓటరు. ఆయన బ్యాలెట్టు కంప్యూటరులోకి వస్తుంది. ప్రింటు తీసి, గుర్తు పెట్టి, డిక్లరేషన్ జతచేసి పోస్టులో వేస్తే చాలు. లడఖ్‌లో కాపలా కాసే జవానుకూ ఇదే పద్ధతి. నర్సు మాత్రం సెలవు పెట్టి, టికెట్టు కొని రావాలి. ఒకే ఊళ్ళో ఉన్న ఇద్దరు పౌరులకు రెండు పద్ధతులు. దూరం నుంచి ఓటు వేయించడం సాధ్యం కాదనే మాట ఇక చెల్లదు. చేస్తూనే ఉన్నాం, కొందరికి.

లండన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. బ్రిటన్ చట్టం ప్రకారం అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ పౌరులకు అక్కడి ఎన్నికల్లో ఓటుంది. అంటే మాస్టర్స్ చదవడానికి పోయిన ఉప్పల్ కుర్రాడు 2024 జులై 4న బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయగలిగాడు. అంతకు ఏడు వారాల ముందు, మే 13న, తను పుట్టి పెరిగిన ఉప్పల్ ఉన్న మల్కాజిగిరి స్థానానికి ఎంపీని ఎన్నుకోవడానికి మాత్రం అక్కడినుంచి వీల్లేకపోయింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళది ఇంకా పెద్ద లోటు. అక్కడ ఎన్నేళ్ళు చెమటోడ్చినా ఆ దేశ పౌరసత్వం రాదు, అక్కడి పాలనలో మాట ఉండదు. ఇక్కడ ఓటేయలేకపోతే భూమ్మీద వాళ్ళకు ఓటు వేసే చోటే లేదు. విదేశాలకు పోయిన తన కార్మికుల్లో పెద్ద భాగం గల్ఫ్‌లోనే పనిచేస్తున్న ఫిలిప్పీన్స్ 2003లోనే చట్టం చేసి ప్రవాసులకు ఓటు దారి తెరిచింది. ఫ్రాన్స్ 2012 నుంచి విదేశాల్లోని తన పౌరుల కోసమే 11 నియోజకవర్గాలు కేటాయించింది. అమెరికా పౌరుడు హైదరాబాద్‌లో ఉన్నా పోస్టులో ఓటు పంపుతాడు.

భయాలు లేకపోలేదు. గల్ఫ్ దేశాల్లో రాజకీయ ప్రచారం కుదరదు. కార్మికుడి పాస్‌పోర్టు యజమాని చేతుల్లో ఉండే చోట బ్యాలెట్టు రహస్యంగా ఉంటుందా అన్నది న్యాయమైన ప్రశ్న. ప్రతినిధి ఓటయితే ఇచ్చిన మాట ప్రకారమే వేశాడని నమ్మకమేమిటి? అందుకే ప్రతినిధి పద్ధతి కన్నా ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్టే మెరుగని నా నమ్మకం. ముందు కొన్ని దేశాల్లో, ఎంబసీ అధికారి ధ్రువీకరణతో మొదలుపెట్టి, లోపాలు చూసి సరిదిద్దుకోవచ్చు. మొదలే పెట్టకపోవడం జాగ్రత్త అనిపించుకోదు.

ఉప్పల్ చౌరస్తా నుంచి పంతంగి టోల్‌గేటు దాకా

దేశం దాటనివాళ్ళ ఓటు ప్రయాణం చూడాలంటే 2024 మే 11, 12 తేదీలు గుర్తుచేసుకోవాలి. రెండో శనివారం, ఆదివారం, సోమవారం పోలింగు. ఉప్పల్, ఎల్బీనగర్‌లలో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి కండువాలు పడ్డాయి. రైళ్ళలో రిజర్వేషన్ ఎప్పుడో నిండుకుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు విజయవాడ వైపు కార్లు బారులు తీరాయి. ఆ పోలింగులో ఆంధ్రప్రదేశ్ 81.86 శాతం ఓటేసింది. అంతకు కొన్ని నెలల ముందు, 2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీ పోలింగప్పుడు, ఉప్పల్‌లో ఇదే రద్దీ వరంగల్ వైపు బస్సుల దగ్గర కనిపించింది. పిల్లల్ని చంకనెత్తుకుని, ఛార్జీలు సొంతంగా పెట్టుకుని, రాత్రంతా నిలబడి ఊరికి పోయి వేలికి సిరా వేయించుకున్న జనం వాళ్ళు. పల్లె నుంచి పట్నం వచ్చినవాడికి ఓటంటే లెక్కలేదనే మాట ఆ రాత్రి ఎవరూ అనలేకపోయేవారు.

ఆ సోమవారమే మల్కాజిగిరిలో పోలయింది 50.78 శాతం. 37 లక్షలకు పైగా ఓటర్లున్న స్థానంలో దాదాపు సగం మంది రాలేదు. ఊరికి పోయినవాళ్ళున్నారు, ఇల్లు మారి పేరు మార్చుకోనివాళ్ళున్నారు, విదేశాల్లో ఉన్నవాళ్ళున్నారు. సెలవు దొరికిందని ఇంట్లో కూర్చున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలి. ఊళ్ళో ఒక ఓటు, ఉప్పల్‌లో ఒక ఓటు ఉంచుకోవడం తప్పు. రెండు నియోజకవర్గాల జాబితాల్లో పేరుండకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు కూడా ఉంది. 2014లో తెలంగాణలో ఏప్రిల్ 30న, ఆంధ్రలో మే 7న పోలింగు జరిగినప్పుడు రెండు చోట్లా వేయొచ్చనుకున్నవాళ్ళు లేకపోలేదు. 2019లో, 2024లో లోక్‌సభ పోలింగు రెండు రాష్ట్రాల్లో ఒకేరోజు రావడంతో అందరూ ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఆ ఎంపిక తేదీల వల్ల కాక మన నిజాయతీ వల్ల జరగాలి. ఉప్పల్‌లో పదేళ్ళుగా కాపురముండి, పిల్లలు ఇక్కడి బడిలో చదువుతూ, ఇక్కడి మంచినీళ్ళ కోసం, మోరీల కోసం కార్పొరేటర్‌ను తిట్టుకునే మనిషి ఓటు ఇక్కడే ఉండటం న్యాయం. 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో నగరంలో సగం మంది కూడా ఓటేయలేదు. మనం వేయని ఓటుతో ఎన్నికైనవాళ్ళను మన వీధి సంగతి గట్టిగా అడగడం ఎలా?

నాచారంలో పని, ఒడిశాలో ఓటు

నాచారం, మల్లాపూర్ షెడ్లలో లేతు మిషన్ల మీద, ప్యాకింగ్ బల్లల మీద పనిచేసే ఒడిశా, బీహార్ కార్మికులకు ఈ ఎంపిక కూడా లేదు. పోలింగు రోజు జీతంతో సెలవివ్వాలని చట్టంలో ఉంది. ఒక్కరోజు సెలవుతో బీహార్ పోయి రావడం అయ్యే పనేనా? అటు నాలుగు రోజుల కూలి పోతుంది, ఇటు ఛార్జీలు. గదిలో నలుగురైదుగురు ఉండే చోట అద్దె కాగితం రాసిచ్చే ఓనరు అరుదు. నిజానికి ఎక్కడ నివసిస్తున్నారో అక్కడ ఓటరుగా నమోదు కావడం వాళ్ళ హక్కు. చిరునామా కాగితాలు లేకపోతే బూత్ స్థాయి అధికారి స్వయంగా వచ్చి విచారించి నిర్ధారించుకునే వీలుంది. ఆ మాట వాళ్ళ భాషలో వాళ్ళకు చెప్పేవాళ్ళే కరువు.

ఇలాంటివాళ్ళ కోసమే 2022 డిసెంబరు 29న ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ప్రకటించింది. ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయించగలిగేలా దాన్ని రూపొందించారు. 2019లో 30 కోట్ల మందికి పైగా ఓటేయలేదన్నది సంఘం చెప్పిన కారణం. 2023 జనవరి 16న పార్టీలను పిలిచింది. వలస కార్మికుడంటే ఎవరు, వేరే రాష్ట్రంలో ఎన్నికల నియమావళిని ఎవరు అమలు చేస్తారు, ఏజెంట్లు ఎక్కడుంటారు అని ప్రతిపక్షాలు ప్రశ్నించాయి. ఆ ప్రశ్నలకు జవాబులు వెతకాల్సింది పోయి ఆలోచననే అటకెక్కించారు. దేశపు తొలి ఓటింగ్ యంత్రం నమూనాను 1979లో తయారుచేసింది నాచారానికి కాస్త అవతలున్న ఈసీఐఎల్. ఇవాళ్టికీ దేశానికి ఓటింగ్ యంత్రాలు అందించే రెండు సంస్థల్లో అదొకటి. ఆ సంస్థ పొరుగున ఉన్న కార్మికుడే ఓటుకు దూరంగా ఉండటం మనసుకు కష్టంగా ఉంటుంది.

వేయాలా, మానాలా?

దారి తెరిచినా అందరూ వేయాలా? అక్కడ కూర్చున్నవాడికి ఇక్కడి ఓటెందుకని అడిగేవాళ్ళ మాటలో బలముంది. 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ళ తరబడి పిల్లర్ల దగ్గరే ఆగిపోతే, కింద గుంతల రోడ్డు మీద నడుములు విరగ్గొట్టుకున్నది ఇక్కడున్నవాళ్ళే. ఫలితం అనుభవించనివాడు తీర్పు చెప్పడం సబబేనా?

నా ఉద్దేశంలో దీనికి కొలత ఒక్కటే. ఆ ఊరి మంచిచెడులు మీ ఇంట్లోకి వస్తున్నాయా? తల్లిదండ్రులు ఆ రోడ్డు మీదే ఆసుపత్రికి పోతుంటే, మీరు పంపే డబ్బుతోనే ఆ ఇల్లు నడుస్తుంటే, వీసా అయిపోతే తిరిగి రావాల్సింది ఆ గడపకే అయితే, మీరు ఫలితం అనుభవిస్తున్నవాళ్ళే. గల్ఫ్ కార్మికుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మన ప్రభుత్వాల నిర్ణయాలు అంత దూరంలో ఉన్న అతని ఇంటినీ తాకుతాయి. వాటిలో అతని మాట ఉండాలి.

అలాగే రెండో వైపూ ఉంది. ఇక్కడి అభ్యర్థి పేరు కూడా తెలియకుండా, వాట్సాప్ గ్రూపులో వచ్చిన నాలుగు వీడియోలు చూసి, కులమో అభిమానమో తోసినట్టు ఓటేయడానికి రావడం ఆ ఊరికి మేలు చేయదు. వేరే దేశ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని, ఇక్కడికి తిరిగి రాననే నిశ్చయానికి వచ్చినవాళ్ళు తమ ఓటు గురించి ఒకసారి నిదానంగా ఆలోచించాలి. చట్టం అప్పటికి అడ్డు చెప్పకపోవచ్చు. పుట్టిన ఊరి మీద ప్రేమను చూపడానికి ఓటు ఒక్కటే దారి కాదు, చదివిన బడికి గది కట్టించవచ్చు.

అర్హత ఉన్నవాళ్ళు చేయాల్సిన పని చిన్నదే. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లోనో, యాప్‌లోనో ఫారం 6ఏ నింపాలి. ఫొటో, పాస్‌పోర్టులో వివరాలూ ఇండియా చిరునామా ఉన్న పేజీలు, వీసా పేజీ జతచేయాలి. బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి కుటుంబసభ్యులను అడిగి చూసుకుంటారు. పాత ఓటరు కార్డు ఉంటే తిరిగి ఇచ్చేయాలి. ప్రవాస ఓటరుకు కార్డు ఉండదు, పాస్‌పోర్టే గుర్తింపు. పేరు ఆ పోలింగ్ కేంద్రం జాబితా చివర ప్రత్యేక విభాగంలో వస్తుంది. తిరిగొచ్చి స్థిరపడితే ఫారం 6తో మామూలు ఓటరుగా మళ్ళీ నమోదు కావాలి. ఉప్పల్‌లో ఇల్లు మారినవాళ్ళకు ఫారం 8 ఉంది.

నమోదైనా రాలేం కదా, ఎందుకీ శ్రమ అనొద్దు. దేశం మొత్తమ్మీద లక్షా పంతొమ్మిది వేల మందే నమోదయ్యారు కాబట్టే ఈ సమస్య పార్టీల కంటికి ఆనడం లేదు. అది కోటి అయిన రోజు ప్రవాసుల పోస్టల్ బ్యాలెట్టును ఆపేవాళ్ళు ఉండరు. కాబట్టి వచ్చే ఎన్నిక దాకా ఆగకుండా ఈ వారమే పాస్‌పోర్టు పేజీలు స్కాన్ చేయండి. మీ ఎంపీకి, మీ ఎమ్మెల్యేకు పోస్టల్ బ్యాలెట్టు ఎప్పుడిస్తారని ఉత్తరం రాయండి. సంక్రాంతికి పిల్లలొచ్చినప్పుడు అమ్మానాన్నలూ ఈ మాట ఎత్తండి. ఓటేయాలా వద్దా అన్నది ఆ తర్వాత ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు. ముందు ఆ ఆలోచనకు విలువుండేలా దారి తెరిపించుకోవాలి.